మన రోడ్డు మీద బండ్ల పొగ ఎంత? లెక్క కట్టే పద్ధతి

నల్లగొండలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను. ప్రాజెక్టుల సమయం వచ్చిందంటే ఎవరో ఒకరు "మేడం, మన ఊళ్లో వాహన కాలుష్యం మీద చేస్తం" అంటారు. వాళ్లు తెచ్చే రిపోర్టులో మామూలుగా రవాణా శాఖ దగ్గర నమోదైన బండ్ల సంఖ్య ఉంటుంది, ఎక్కడో దొరికిన గుణకాల పట్టిక ఉంటుంది, రెండూ గుణిస్తే వచ్చిన టన్నులు ఉంటాయి. మన రోడ్డు మాత్రం అందులో ఎక్కడా కనిపించదు. ఆ రిజిస్టర్లో ఉన్న బండ్లలో కొన్ని ఎప్పుడో తుక్కుకు పోయాయి, కొన్ని హైదరాబాద్‌లో తిరుగుతున్నాయి. మర్రిగూడ బైపాస్ మీద పొగ వదులుతూ పోయే కర్ణాటక లారీ ఆ రిజిస్టర్లో ఉండనే ఉండదు.

2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద, గాలి ప్రమాణాలు అందుకోని పట్టణాల్లో నల్లగొండ కూడా ఉంది. మా కాలేజీకి వచ్చే పిల్లల్లో చాలామంది బైకుల మీద, ఆటోల్లో వస్తారు. లారీ వెనక పొగ నేరుగా వాళ్ల ముఖానికే. అందుకే ఈ లెక్క ఒట్టి ప్రాజెక్టు కోసం కాకుండా, పట్టుకెళ్లి అధికారుల ముందు పెట్టగలిగేలా ఉండాలని కోరుకుంటాను. ఎలా కట్టాలో నేను పిల్లలకు చెప్పే వరుసలోనే చెప్తాను.

సూత్రం చిన్నదే. ఒక రకం బండ్ల సంఖ్యను అవి నడిచిన కిలోమీటర్లతో, కిలోమీటరుకు వదిలే గ్రాములతో గుణించాలి. ఆ గ్రాములనే ఉద్గార గుణకం అంటాం. ప్రతి రకానికీ విడిగా కట్టి చివర కూడాలి. అందరి దృష్టీ గుణకం మీదికి పోతుంది. నా అనుభవంలో లెక్కను నిలబెట్టేది మాత్రం మొదటి భాగం: రోడ్డు పక్కన నిలబడి ఏ బండి, ఎంత పాతది అని రాసుకోవడం.

చోటు, రోజు, గంట

ఊరంతా ఒకేసారి మీద వేసుకోవద్దు. ఒక కిలోమీటరు ముక్క ఎంచుకోండి. మధ్యలో పెద్ద చౌరస్తా లేకుండా, ఎక్కిన బండి చివరిదాకా పోయేలా ఉంటే లెక్క సులువు. గడియారం సెంటర్ లాంటి చోట ఆగిన బండ్ల పొగే ఎక్కువ. దూరం సున్నా అయితే గ్రాములు కిలోమీటరుకు అన్న లెక్క పనిచేయదు. అక్కడ ఆగిన నిమిషాలు విడిగా రాసుకోవాలి. పెద్ద లారీ ఇంజన్ ఆపకుండా నిలబడితే గంటకు రెండు, మూడు లీటర్ల డీజిల్ తాగుతుంది.

రోజు ఎంచుకునేటప్పుడు మన క్యాలెండర్ చూసుకోవాలి. సంక్రాంతి వారంలో 65వ నంబర్ హైవే మీద, పంతంగి టోల్ దగ్గర లెక్కపెట్టి దాన్ని 365తో గుణిస్తే అది ఏ ఏడాది లెక్కా కాదు. నార్కట్‌పల్లి రోడ్డు మీదైతే చెర్వుగట్టుకు జనం పోయే అమావాస్య రోజు పక్కన పెట్టండి. మిర్యాలగూడ దిక్కు వడ్ల సీజన్లో, అంటే వానాకాలం కోతలప్పుడు ఒకసారి, యాసంగి కోతలప్పుడు ఒకసారి, రోడ్డు నిండా ట్రాక్టర్లు, డీసీఎంలు, రైస్ మిల్లులకు పోయే లారీలే. మిగతా నెలల్లో అంత ఉండదు. కాబట్టి సీజన్లో ఒకసారి, సీజన్ లేనప్పుడు ఒకసారి లెక్కపెట్టి, ఏ లెక్క ఎన్ని రోజులకు వర్తిస్తుందో విడిగా గుణించాలి.

రాత్రిని వదిలేయొద్దు. పగలు మాత్రమే లెక్కపెడితే బైకులు, ఆటోలు కళ్లనిండా కనిపిస్తాయి. దూరం పోయే లారీలు చాలావరకు చీకటి పడ్డాకే రోడ్డెక్కుతాయి. ఆడపిల్లలను రాత్రి రోడ్డు మీద నిలబెట్టలేను కాబట్టి మేం రోడ్డు పక్క మేడ మీద ఫోను పెట్టి వీడియో తీసుకుంటాం, తెల్లారి నిదానంగా నడిపించి గీతలు పెట్టుకుంటాం. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డగీత. ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు.

కాగితం మీద వరుసలు ఇలా ఉంటే చాలు: టూవీలర్, ఆటో, కారు, ట్రాలీ ఆటో, డీసీఎం, బస్సు, పెద్ద లారీ, ట్రాక్టర్. ట్రాక్టర్‌ను లారీలో కలపొద్దు. కొత్త బండ్ల పొగకు పరిమితి పెట్టే భారత్ స్టేజ్ (బీఎస్) ప్రమాణాలు దానికి వర్తించవు, ట్రెమ్ అని వేరే ఉన్నాయి. ఇంకో మాట: రోడ్డు ఇంజనీర్లు లారీని మూడు కార్లకు సమానమని మార్చి రాసే లెక్కలు దొరుకుతాయి. అది రోడ్డు మీద ఆక్రమించే చోటుకు సంబంధించిన లెక్క. పొగకు వాడొద్దు.

నంబరు ప్లేటు చెప్పే వయసు

ఇక్కడ మన తెలంగాణ వాళ్లకు ఒక సౌకర్యం ఉంది. ప్లేటు మీద మొదటి రెండక్షరాలే బండి వయసు చెప్తాయి. 2014 జూన్ దాకా మనకు ఏపీ ఉండేది: నల్లగొండకు ఏపీ 24, పాలమూరుకు ఏపీ 22. రాష్ట్రం వచ్చాక కొత్త బండ్లకు టీఎస్ ఇచ్చారు, నల్లగొండకు 05, మహబూబ్‌నగర్‌కు 06. 2024 మార్చి నుంచి టీజీ. పాత బండ్లు పాత నంబర్లతోనే తిరుగుతున్నాయి. కాబట్టి ఏపీ 24 కనబడిందంటే ఆ బండికి పదేళ్లు ఎప్పుడో దాటాయి. టీజీ కనబడితే అది చాలావరకు బీఎస్ 6 (వేరే రాష్ట్రం నుంచి తెచ్చి ఇక్కడ మళ్లీ నమోదు చేయించిన పాత బండి కూడా కావచ్చు). ఆంధ్ర బండ్ల విషయంలో జాగ్రత్త: అక్కడ 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చింది కాబట్టి ఏపీ 39ని పాతదాన్లో వేయకూడదు. ఏపీ 16, ఏపీ 07 లాంటివి అంతకుముందువి.

చిక్కంతా టీఎస్‌తోనే. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్ 4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6. మధ్యలో బీఎస్ 5 లేకుండానే దూకారు. 2017కు ముందువి ఎక్కువగా బీఎస్ 3. టీఎస్ బండి ఈ మూడింట్లో ఏదైనా కావచ్చు. దాన్ని తేల్చడానికి పెట్రోల్ బంకు దగ్గరో, దాబా దగ్గరో అడగాలి. లారీ అయితే "అన్నా, యాడ్‌బ్లూ పోస్తరా?" అన్న ఒక్క ప్రశ్న సగం పని చేస్తుంది. యాడ్‌బ్లూ అంటే పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి పోసే యూరియా ద్రావణం. డీజిల్ ట్యాంకు పక్కన నీలం మూత ఉన్న చిన్న ట్యాంకు కనిపిస్తే ఆ లారీ కనీసం బీఎస్ 4. ఆ తర్వాత కొన్న సంవత్సరం అడిగితే చాలు.

అన్ని బండ్ల ప్లేట్లూ చదవలేం. పది బండ్లకు ఒకటి చొప్పున, ఏది వస్తే అది రాసుకోండి. కళ్లకు పాతగా కనిపించినవే ఏరుకుంటే లెక్క ఒకవైపు ఒరిగిపోతుంది. పూర్తి నంబరు రాయొద్దు, ముందు అక్షరాలు, జిల్లా సంఖ్య చాలు. ఎవరి బండి అన్నది మనకు అనవసరం.

వయసు మీద ఇంత పట్టు ఎందుకంటే, చూడండి. బీఎస్ 3 పెద్ద డీజిల్ ఇంజన్‌కు నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోవాట్ అవర్‌కు 5 గ్రాములు. బీఎస్ 4కు 3.5. బీఎస్ 6కు 0.46. పెద్ద ఇంజన్ ఒక లీటరు డీజిల్‌తో దాదాపు 4 కిలోవాట్ అవర్ల పని చేస్తుంది. లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే లారీ అయితే కిలోమీటరుకు దాదాపు ఒక కిలోవాట్ అవర్. అంటే ఆ అంకెలనే కిలోమీటరుకు గ్రాములుగా చదువుకోవచ్చు. బీఎస్ 6 డీజిల్ కారు పరిమితి కిలోమీటరుకు 0.08 గ్రాములు. చట్టం లెక్కన చూసినా ఒక్క బీఎస్ 3 లారీ అరవై కొత్త డీజిల్ కార్లతో సమానం.

లెక్క నేర్చుకోవడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇవి కొలిచినవి కావు, అనుకున్న అంకెలు. బైపాస్ మీద ఒక గంటలో 400 టూవీలర్లు, 60 ఆటోలు, 250 కార్లు, 20 బస్సులు, 70 లారీలు పోయాయి. లారీల్లో 28 బీఎస్ 3, 17 బీఎస్ 4, 25 బీఎస్ 6. లారీల నైట్రోజన్ ఆక్సైడ్లు: 28 × 5 = 140, 17 × 3.5 = 59.5, 25 × 0.46 = 11.5. మొత్తం కిలోమీటరుకు, గంటకు 211 గ్రాములు. అందులో మూడింట రెండొంతులు ఆ 28 పాత లారీలవే. వయసు చూడకుండా అన్నీ బీఎస్ 6 అనుకుని కడితే 32 గ్రాములే వచ్చేది.

గ్రాములు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి

పైన నేను పరిమితులను గుణకాలుగా వాడింది తేడా చూపించడానికే. మీ రిపోర్టులో అలా చేయొద్దు. పరిమితి అంటే ల్యాబ్‌లో, నిర్ణీత పద్ధతిలో నడిపినప్పుడు దాటకూడని గీత. రోడ్డు మీద బరువెక్కువై, నిర్వహణ లేక, ఆగుతూ కదులుతూ పోయే బండి అంతకంటే ఎక్కువ వదులుతుంది. ల్యాబ్ పరీక్షలో మాత్రమే పొగ తగ్గించే సాఫ్ట్‌వేర్‌ను కార్ల కంపెనీ ఫోక్స్‌వ్యాగన్ తన డీజిల్ కార్లలో పెట్టిందని 2015లో బయటపడ్డాక ల్యాబ్‌కూ రోడ్డుకూ ఉన్న దూరం ప్రపంచమంతా చూసింది.

పాత భారతీయ బండ్లకు పుణెలోని వాహన పరిశోధన సంస్థ ఏఆర్ఏఐ, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కార్యక్రమంలో భాగంగా, మన బండ్లనే పరీక్షించి తయారుచేసిన గుణకాలు ఉన్నాయి. ముందు అవి చూడండి. బీఎస్ 4, బీఎస్ 6 బండ్లకు యూరప్ వాళ్ల కోపర్ట్ పద్ధతిలోని యూరో 4, యూరో 6 గుణకాలు వాడుకోవచ్చు, మన ప్రమాణాలు వాటి బాటలోనే వచ్చాయి కాబట్టి. కోపర్ట్‌లో గుణకం వేగాన్ని బట్టి మారుతుంది. ప్రకాశం బజార్లో గంటకు 12 కిలోమీటర్ల వేగంతో పోయే ఆటోకు, హైవే మీద 50తో పోయే ఆటోకు ఒకే అంకె వేయకండి. మీ ముక్క మీద ఒకరు బైకు మీద నాలుగైదుసార్లు మిగతా బండ్లతో పాటు నడిపి టైం చూసుకుంటే వేగం తెలిసిపోతుంది.

కార్బన్ డయాక్సైడ్‌కు ఇంత కష్టం అక్కర్లేదు. అది ఇంధనాన్ని బట్టే ఉంటుంది. లీటరు పెట్రోలుకు సుమారు 2.31 కిలోలు, డీజిలుకు 2.68 కిలోలు. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బైకు కిలోమీటరుకు 46 గ్రాములు వదులుతుంది. లీటరుకు 5 ఇచ్చే బస్సు 536 గ్రాములు, కానీ యాభై మంది ఎక్కితే మనిషికి 11 గ్రాములు కూడా లేదు. సల్ఫర్ డయాక్సైడ్ కూడా అంతే తేలిక: బీఎస్ 6 ఇంధనంలో గంధకం కిలోకు 10 మిల్లీగ్రాములు మించదు. లీటరు డీజిల్ 830 గ్రాములు అనుకుంటే గంధకం 8.3 మిల్లీగ్రాములు, కాలాక బరువు రెట్టింపై 16.6 మిల్లీగ్రాములు.

పొల్యూషన్ సర్టిఫికెట్ మీద అంకెలు పట్టుకుని లెక్క కట్టొచ్చా అని ప్రతి బ్యాచ్‌లో అడుగుతారు. కుదరదు. పెట్రోలు బండికి అందులో ఉండేది నిలబెట్టిన ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ శాతం, హైడ్రోకార్బన్ల వంతు. డీజిల్‌కు పొగ చిక్కదనం. కిలోమీటరు అన్న మాటే అందులో లేదు.

పట్టణం మొత్తానికి కట్టాలంటే ఏడాదికి బండి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందో కావాలి. పాత బైకుల్లో మీటరు కేబుల్ తెగిపోయి ఉంటుంది. మనుషులకు కిలోమీటర్లు గుర్తుండవు, పైసలు గుర్తుంటాయి. బంకు దగ్గర ఒక ఆటో అన్న మా పిల్లలతో, "కిలోమీటర్లు నాకేం తెల్వదమ్మా, రోజుకు మూడు వందల డీజిల్ కొట్టిస్త" అన్నాడు. అదే కావలసింది. ఆ రోజు ధరతో భాగిస్తే దాదాపు 3 లీటర్లు, లీటరుకు 25 కిలోమీటర్లు పట్టుకుంటే రోజుకు 75 కిలోమీటర్లు. అందరినీ ఇలాగే అడగండి.

రోడ్డు మీద దుమ్ము

పొగ గొట్టం దగ్గరే ఆగిపోతే సగం లెక్క మిగిలిపోతుంది. బండి చక్రం లేపే దుమ్మును కూడా కట్టాలి. దీనికి అమెరికా పర్యావరణ సంస్థ ఏపీ 42 అనే ఉద్గార గుణకాల సంకలనంలో ఇచ్చిన సూత్రం ఉంది. చదరపు మీటరు రోడ్డు మీద ఉన్న మెత్తటి మన్నును గ్రాముల్లో 0.91వ ఘాతానికి, బండ్ల సగటు బరువును అమెరికా టన్నుల్లో 1.02వ ఘాతానికి పెంచి గుణించాలి. దాన్ని పీఎం 10కు (10 మైక్రాన్ల లోపు కణాలకు) 0.62తో, పీఎం 2.5కు (2.5 మైక్రాన్ల లోపువాటికి) 0.15తో గుణిస్తే ఒక బండి ఒక కిలోమీటరులో లేపే గ్రాములు వస్తాయి. అమెరికా టన్ను 907 కిలోలని మరిచిపోవద్దు.

మన్ను కొలవడం చేతి పని. ట్రాఫిక్ పోలీసులకు చెప్పి, బండ్లు ఆపించి, పెద్దవాళ్లు తోడుండగానే చేయాలి. హైవే మీద ఎట్టి పరిస్థితిలో వద్దు. బండ్లు నడిచే భాగంలో, అంచున పేరుకున్న మన్ను జోలికి పోకుండా, మీటరు వెడల్పున సుద్దతో గీత గీసి, మెత్తటి బ్రష్‌తో గాని వ్యాక్యూమ్ క్లీనర్‌తో గాని మొత్తం ఎత్తి కవర్లో వేయాలి. మిర్యాలగూడ మిల్లుల దారిలో ఎత్తిన మన్నులో ఊక ముక్కలు, మిల్లు గొట్టాల నుంచి వచ్చే నల్లబూడిద విడివిడిగా కనిపిస్తాయి. వాడపల్లి దిక్కు సిమెంటు లారీలు తిరిగే చోట అదే బూడిదరంగు పొడి, వేలికి పౌడర్‌లా అంటుకుంటుంది. ఆరబెట్టి తూచి, సివిల్ ల్యాబ్‌లో ఉండే 75 మైక్రాన్ల జల్లెడ పట్టండి. కిందికి దిగిందే మనకు కావలసిన మెత్తటి మన్ను. 4 చదరపు మీటర్లలో 60 గ్రాములు దొరికి, అందులో 12 గ్రాములు జల్లెడ దిగిందనుకుందాం. చదరపు మీటరుకు 3 గ్రాములు.

మన ఉదాహరణలో టూవీలర్ మనుషులతో కలిపి పావు టన్ను, ఆటో 0.6, కారు 1.3, బస్సు 14, లారీ 20 టన్నులు అనుకుంటే 800 బండ్ల సగటు 2.7 టన్నుల దగ్గర వస్తుంది, అమెరికా టన్నుల్లో దాదాపు 3. సూత్రంలో వేస్తే బండికి కిలోమీటరుకు 5.2 గ్రాముల పీఎం 10. గంటకు 800 బండ్లు లేపేది నాలుగు కిలోలు దాటుతుంది. ఈ సూత్రం సగటు బరువు 2 నుంచి 42 అమెరికా టన్నుల మధ్య ఉన్నప్పుడే పనికొస్తుంది. అంతా బైకులే ఉండే బజారు గల్లీలో సగటు 2 కంటే తగ్గిపోతుంది, అక్కడ దీన్ని వాడొద్దు. అలాగే ఇది మొత్తం బండ్ల సగటుకు చేసిన సూత్రం, లారీకి వేరుగా బైకుకు వేరుగా వేసి కూడకూడదు.

దుమ్ము అంకె పక్కన పెడితే పొగ గొట్టాల కణాలు చాలా చిన్నగా కనిపిస్తాయి. అందుకని పొగను కొట్టిపారేయడం నాకు అస్సలు నచ్చని వాదన. డీజిల్ మసి కణాలు దాదాపు అన్నీ 2.5 మైక్రాన్ల లోపువే, ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. దుమ్ములో ఎక్కువ భాగం ముతక మన్ను. రెండింటినీ కూడి ఒకే అంకెగా రాయకండి. రెండు వరుసల్లో, విడివిడిగా ఇవ్వండి.

సరిచూసుకోవడం

బండ్ల లెక్క నుంచి వచ్చిన మొత్తం ఇంధనాన్ని పట్టణంలోని బంకుల అమ్మకాలతో పోల్చుకోవచ్చు. అతకాలని పట్టుబట్టొద్దు. డీజిల్ వరికోత మిషన్లకు, బోర్ బండ్లకు, జనరేటర్లకు కూడా పోతుంది. పక్క రాష్ట్రంలో ధర తక్కువుంటే లారీలు అక్కడే నింపుకుని వస్తాయి. జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్ మీదుగా రాయచూర్ పోయే రోడ్డు మీద కట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. రెండు లెక్కలు సగానికో రెట్టింపుకో తేడా వస్తే మాత్రం ఎక్కడో ఒక వరుస తప్పినట్టే, మళ్లీ చూడాలి.

వచ్చిన గ్రాములను గాలి నాణ్యత బోర్డు మీది మైక్రోగ్రాములతో నేరుగా పోల్చకండి. ఇది బండ్లు వదిలింది, అది గాలిలో మిగిలింది. మధ్యలో గాలి వేగం, చలికాలం పొద్దున నేల మీదే కమ్ముకునే పొర, మిల్లులు, చెత్త మంటలు అన్నీ ఉన్నాయి. ఫలితం రాసేటప్పుడు తక్కువ గుణకంతో ఒకసారి, ఎక్కువ గుణకంతో ఒకసారి కట్టి రెండూ ఇవ్వండి. దశాంశాలు తీసేయండి. 211.04 అని రాస్తే అంత కచ్చితంగా తెలిసినట్టు అవుతుంది, మనకు తెలిసింది 200 దగ్గర అని.

ఇక అసలు పనికొచ్చేది, ఏదైనా మారిస్తే ఏమవుతుందో చూడటం. మన ఉదాహరణలో ఆ 28 పాత లారీల స్థానంలో బీఎస్ 6 లారీలు వస్తే నైట్రోజన్ ఆక్సైడ్లు 211 నుంచి 84కు దిగుతాయి. రోడ్డు ఊడ్పించి మన్నును సగానికి తగ్గిస్తే, అంటే 3 గ్రాములను ఒకటిన్నర చేస్తే, దుమ్ము 47 శాతం తగ్గుతుంది. మొదటిది రవాణా శాఖను, మిల్లుల యజమానులను అడగాల్సింది. రెండోది మున్సిపాలిటీని అడగాల్సింది. కాబట్టి నల్లగొండలోని కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, మున్సిపల్ కమిషనర్‌కు రిపోర్టు ఇచ్చేటప్పుడు ఈ రెండు లెక్కలూ మొదటి పేజీలోనే పెట్టండి. గీతల కాగితాలు, జల్లెడ తూకాలు, ఏ గుణకం ఎక్కడిదో రాసిన పట్టిక వెనక జత చేయండి. ఎవరైనా మీ అంకెను ప్రశ్నిస్తే అదే రోడ్డు మీద, అదే చోట నిలబడి వాళ్లు కూడా లెక్కపెట్టుకోగలగాలి.